మేధోసంపత్తి న్యాయరంగం: ఫీజుల కన్నా ఎదురుచూపే ఖరీదు

క్లుప్తంగా: పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, కాపీరైట్ల న్యాయరంగంలోకి రావాలంటే లక్షలు పోసి చదవాలన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి ఈ రంగంలోకి పేటెంట్ ఏజెంటుగా, ట్రేడ్‌మార్క్ ఏజెంటుగా, న్యాయవాదిగా ప్రవేశించవచ్చు. ఈ మూడింటికీ ప్రభుత్వ రుసుములు తక్కువే. చదువుకోవాల్సిన సామగ్రిలో చాలా భాగం ఉచితంగా దొరుకుతుంది. అసలు ఖర్చు ఆదాయం లేకుండా గడిచే మొదటి రెండు మూడేళ్లదే. అందుకే చేతిలో డబ్బు తక్కువున్నవారు ఏ అర్హత ముందు సంపాదించాలి, ఏది తర్వాత అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ఈ రంగం మీదకు చూపు ఎందుకు మళ్లింది

2022-23 ఆర్థిక సంవత్సరంలో భారత పేటెంట్ కార్యాలయానికి 82 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో సగానికి మించి మన దేశంలోనివారు పెట్టుకున్నవే. అంతకుముందు దశాబ్దాల తరబడి విదేశీ కంపెనీల వాటానే ఎక్కువగా ఉండేది. అదే ఏడాది ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు 4.6 లక్షలు దాటాయి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి మొత్తం అంకె కన్నా స్వదేశీ వాటా పెరగడమే ముఖ్యం. విదేశీ కంపెనీల పని మామూలుగా ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరుల్లోని పెద్ద సంస్థలకు వెళ్తుంది. ఇంజినీరింగ్ కాలేజీ, చిన్న స్టార్టప్, జిల్లా కేంద్రంలోని వ్యాపారి మాత్రం తమకు అందుబాటులో ఉన్నవారి కోసం చూస్తారు. కొత్తవారికి చోటు దొరికేది అక్కడే.

హైదరాబాద్‌కు మరో కారణం కూడా ఉంది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుల తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది, మందుకు ఇచ్చేది కాదు. ఆ నీడలోనే ఇక్కడి ఔషధ పరిశ్రమ ఎదిగింది. 2005 సవరణతో మందుకూ పేటెంట్ వచ్చింది. దాంతో ప్రతి కంపెనీకీ సొంత పేటెంట్ విభాగం అవసరమైంది. అప్పటికే అమెరికా మార్కెట్ కోసం ఆ విద్య నేర్చిన కంపెనీలు ఉన్నాయి. 2001లో డాక్టర్ రెడ్డీస్ అక్కడ ఫ్లూయాక్సిటిన్ 40 మిల్లీగ్రాముల మందుకు 180 రోజుల ప్రత్యేక మార్కెటింగ్ హక్కు సంపాదించింది. ఒక భారతీయ కంపెనీ ఈ హక్కు పొందడం అదే మొదటిసారి. 2012లో బేయర్ కంపెనీ క్యాన్సర్ మందుపై దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా తయారు చేసుకునే అనుమతి) దక్కించుకున్న నాట్కో కూడా హైదరాబాద్ కంపెనీయే. నెలకు సుమారు రూ.2.8 లక్షలు ఖర్చయ్యే ఆ మందును రూ.8,880కి మించకుండా అమ్మాలన్నది లైసెన్సు షరతు. ఇలాంటి పోరాటాల వెనుక లాయర్లతో పాటు బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పేటెంట్ హక్కు హద్దులు చెప్పే క్లెయిములు చదవడం నేర్చినవారూ ఉంటారు.

మూడో కారణం కోర్టుల్లో వచ్చిన మార్పు. 2021 ఏప్రిల్‌లో కేంద్రం చెన్నై కేంద్రంగా పనిచేసే మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డును రద్దు చేసింది. అక్కడి పని హైకోర్టులకు మళ్లింది. ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసింది. 2023లో మద్రాస్ హైకోర్టు అదే బాట పట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి కాబట్టి, దరఖాస్తులను తేల్చే అధికారి అయిన కంట్రోలర్ తీర్పుల మీద అప్పీళ్లు కూడా ప్రధానంగా మద్రాస్ హైకోర్టుకే వెళ్తాయి.

మూడు ద్వారాలు, మూడు రకాల అర్హతలు

పేటెంట్ ఏజెంటు కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు. ఈ విషయం చాలామందికి తెలియక మొదట్లోనే వెనక్కి తగ్గుతున్నారు. పేటెంట్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, సైన్స్ లేదా ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండి, ప్రభుత్వం నిర్వహించే అర్హత పరీక్ష పాసైతే చాలు. పేటెంట్ కార్యాలయంలో దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినరుగానో కంట్రోలరుగానో పదేళ్లు పనిచేసినవారికి ఆ పరీక్ష కూడా అవసరం లేదు. పరీక్షలో 100 మార్కుల పేపర్లు రెండు, మౌఖిక పరీక్ష ఒకటి ఉంటాయి. మొదటి పేపరు చట్టం, నిబంధనల మీద. రెండోది ఆవిష్కరణను వివరించే పత్రం, అంటే స్పెసిఫికేషన్ రాయడం, దాన్ని విశ్లేషించడం మీద. ఒక్కో పేపరులో కనీసం 50, మొత్తం మీద 60 శాతం రావాలి. ఎక్కువమంది తడబడేది రెండో పేపరులోనే. అది బట్టీతో గట్టెక్కే పేపరు కాదు.

ట్రేడ్‌మార్క్ ఏజెంటుకు సైన్సు కూడా అక్కర్లేదు. బీఏ, బీకాం సహా ఏ డిగ్రీ ఉన్నవారైనా ఆ పరీక్ష రాయవచ్చు. న్యాయవాదులకు, కంపెనీ సెక్రటరీల సంస్థ సభ్యులకు పరీక్ష మినహాయింపు ఉంది. ఏజెంట్లు రిజిస్ట్రీ ముందు, కంట్రోలర్ ముందు వాదించగలరు, పత్రాలు తయారు చేయగలరు. కోర్టు మెట్లెక్కి వాదించే హక్కు మాత్రం వారికి లేదు.

ఆ హక్కు న్యాయవాదిది. మూడేళ్ల లేదా ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, అఖిల భారత బార్ పరీక్ష దాటాలి. సైన్స్ డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ రెండూ ఉన్నవారికి ఈ రంగంలో గిరాకీ ఎక్కువ. కానీ ఆ రెండూ ఒకేసారి చేతిలో ఉండాల్సిన పని లేదు.

కాగితం మీద ఖర్చు ఎంత

పేటెంట్ ఏజెంట్ పరీక్ష రుసుము, పాసయ్యాక పేరు నమోదు, ఏటా కొనసాగింపు రుసుము అన్నీ కలిపినా వేలల్లోనే తేలుతుంది. లాసెట్ దరఖాస్తు వెయ్యి రూపాయల లోపే. ఉస్మానియా లా కాలేజీ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ సీటు ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటే, నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో లక్షల్లో ఉంటుంది. పెద్ద సంస్థల్లో మొదటి ఉద్యోగం విషయంలో జాతీయ విశ్వవిద్యాలయం పేరుకు విలువ ఉందన్నది కాదనలేం. అయితే సాంకేతిక పనిలో, ముఖ్యంగా పేటెంట్ల విషయంలో, ఆ పేరు కన్నా అభ్యర్థి రాసిన డ్రాఫ్టే ఎక్కువ మాట్లాడుతుంది.

ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఇటీవలి దాకా పెద్ద అడ్డంకి ఉండేది. న్యాయవాదుల చట్టం జనరల్ అభ్యర్థులకు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 మాత్రమే తీసుకోమంటుంటే, వివిధ రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద రూ.15 వేల నుంచి రూ.42 వేల దాకా వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఇది చెల్లదని తీర్పు చెప్పింది. చట్టంలో ఉన్న మొత్తానికి మించి తీసుకోవడం, చదువుకున్న పేదలు వృత్తిలోకి రాకుండా అడ్డుకోవడమేనని కోర్టు అభిప్రాయపడింది. తీర్పు అప్పటి నుంచి ముందుకే వర్తిస్తుంది కాబట్టి, అంతకుముందు కట్టినవారికి డబ్బు వెనక్కి రాలేదు. బార్ పరీక్ష రుసుము దీనికి అదనం: జనరల్‌కు రూ.3,500, ఎస్సీ, ఎస్టీలకు రూ.2,500.

అసలు ఖర్చు ఎదురుచూపుదే

రుసుములు ఇంత తక్కువైనా ఈ రంగం అందనంత దూరంలో ఉన్నట్టు అనిపించడానికి కారణం, మొదటి సంపాదన ఎప్పుడొస్తుందో తెలియకపోవడం.

న్యాయవాది దారినే చూద్దాం. ఎన్‌రోల్ అయిన కొత్తలో సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరతారు. అక్కడ వచ్చేది చాలాసార్లు పెట్రోలు, టిఫిన్ ఖర్చులకు సరిపోతుంది, గది అద్దెకు సరిపోదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకు కనీసం రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో జూనియర్ న్యాయవాదులకు మొదటి మూడేళ్లు నెలకు రూ.5 వేలు ఇచ్చే లా నేస్తం పథకం మొదలుపెట్టడానికి కారణం కూడా ఈ ఇబ్బందే. హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండే జిల్లా కుర్రాడికి, అమ్మాయికి ఈ మూడేళ్లు గడవడం లా కాలేజీ ఫీజు కన్నా పెద్ద సమస్య.

ఏజెంట్ దారిలో ఎదురుచూపు ఇంకో రూపంలో వస్తుంది. పరీక్ష ఏటా కచ్చితంగా ఉంటుందన్న భరోసా లేదు. 2018లో జరిగిన తర్వాత మళ్లీ 2023 మే నెలలో గానీ పేటెంట్ ఏజెంట్ పరీక్ష జరగలేదు. మధ్యలో కొవిడ్ ఒక కారణం. ఉద్యోగం మానేసి ఈ ఒక్క పరీక్ష కోసం ఇంట్లో కూర్చుని చదివినవారు ఆ కాలమంతా పోగొట్టుకున్నారు. ఈ పరీక్షను పని చేసుకుంటూ పక్కన పెట్టుకుని రాయాలే గానీ, అదొక్కటే నమ్ముకుని కూర్చోకూడదు.

పైగా ఈ రెండు దారుల మధ్య ఒక నియమం అడ్డుగా ఉంటుంది. బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదంటుంది. ఫార్మా కంపెనీ పేటెంట్ విభాగంలో జీతానికి పనిచేసేవారు ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసినా, ఉద్యోగంలో ఉన్నంతకాలం వకాలతు వేయలేరు. ఎల్‌ఎల్‌బీలోనూ హాజరు నిబంధన ఉంది. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీకి ఎన్‌రోల్‌మెంట్ ఉండదు. హాజరు లేకుండా డిగ్రీ ఇప్పిస్తామని చెప్పేవారి మాట నమ్మి డబ్బు కట్టినవారికి ఇబ్బంది ఎదురయ్యేది ఎన్‌రోల్‌మెంట్ సమయంలోనే.

బ్రిటన్‌లో ఇదే వృత్తి వేరే పద్ధతిలో నడుస్తుంది. అక్కడ సైన్స్ డిగ్రీ ఉన్నవారిని సంస్థలు జీతమిచ్చి ట్రైనీలుగా తీసుకుంటాయి, వృత్తి పరీక్షల ఖర్చు కూడా చాలావరకు అవే భరిస్తాయి. నేర్చుకునే కాలం భారం సంస్థది. మన దగ్గర ఆ భారం అభ్యర్థి ఇంటి మీద పడుతుంది. అమెరికాలో కూడా పేటెంట్ ఏజెంటుకు లా డిగ్రీ అవసరం లేదు, సాంకేతిక డిగ్రీ, పేటెంట్ కార్యాలయ పరీక్ష సరిపోతాయి. అక్కడ వర్క్ వీసా మీద ఉన్న తెలుగు ఇంజినీర్లకు వీసా షరతులకు లోబడి పరిమిత గుర్తింపు మాత్రమే వస్తుంది. అందుకని అక్కడి లా స్కూలుకు అప్పు చేసే ముందు ఈ దారిని పరిశీలించడం మేలు.

ఉచితంగా తెరిచి ఉన్న పాఠశాల

ఈ విద్యకు మరే న్యాయ విభాగంలోనూ లేని సౌకర్యం ఒకటుంది. సివిల్ కేసు ఫైలు చూడాలంటే సీనియర్ ఆఫీసులో ఉండాలి. పేటెంట్ ఫైలు మాత్రం ప్రచురణ అయ్యాక అందరికీ కనిపిస్తుంది. దరఖాస్తు వేసిన 18 నెలలకు అది ప్రచురణకు వస్తుంది. ఆ తర్వాత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో దరఖాస్తు, ఎగ్జామినర్ రిపోర్టు, దానికి ఏజెంట్ ఇచ్చిన జవాబు, హియరింగ్ నోటీసు, రాతపూర్వక వాదన, చివరికి కంట్రోలర్ తీర్పు అన్నీ వరుసగా ఉంటాయి. పైసా ఖర్చు లేదు. అనుభవజ్ఞులైన ఏజెంట్లు తమ క్లయింట్ల నుంచి పెద్ద ఫీజు తీసుకుని రాసిన జవాబులు అక్కడ చదువుకోవచ్చు.

ఈ ఫైళ్లను ఎలా వాడుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఎవరైనా పాత మందుకు కొత్త లవణ రూపం తయారు చేశారనుకుందాం. ఎగ్జామినర్ రిపోర్టు మొదట్లోనే కొత్తదనం, ఆవిష్కరణ స్థాయి, పారిశ్రామిక ఉపయోగం, వేటికి పేటెంట్ ఇవ్వకూడదో చెప్పే 3వ సెక్షన్ కింద అభ్యంతరాలు అంటూ ఒక పట్టిక ఉంటుంది. దాని తర్వాత డీ1, డీ2 అని అదే విషయంపై ముందే వెలువడిన పాత పత్రాల జాబితా, వాటితో క్లెయిముల పోలిక వస్తాయి. ఇలాంటి ఫైలులో 3(డి) అభ్యంతరం దాదాపు తప్పదు: తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇస్తే సరిపోదు, దాని సామర్థ్యం గణనీయంగా పెరగాలి. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు, మందు విషయంలో ఆ సామర్థ్యమంటే చికిత్సా సామర్థ్యమేనని తేల్చింది. ఒంట్లో ఎక్కువగా ఇంకుతుందని చూపినంత మాత్రాన చాలదు, దానివల్ల రోగానికి మేలు పెరిగిందని డేటాతో చూపాలి. ఇప్పుడు చేయాల్సిందల్లా, రిపోర్టు వరకే చదివి ఫైలు మూసేయడం. దానికి జవాబు సొంతంగా రాయడం. ఏ క్లెయిమును కుదించాలి, ఏ ప్రయోగ ఫలితాన్ని చూపాలి, డీ1కూ మన రూపానికీ తేడా ఎక్కడ అన్నవి రాశాక, అసలు ఏజెంట్ రాసిన జవాబు తెరవాలి. చివర్లో కంట్రోలర్ ఎవరి వాదనను ఎందుకు ఒప్పుకున్నారో చూడాలి. ఇలా ఇరవై ముప్పై ఫైళ్లు వేర్వేరు విషయాల్లో చేసినవారికి రెండో పేపరు కొత్తగా ఉండదు. ఇంటర్వ్యూలో చూపించడానికి సొంత రాత కూడా చేతిలో ఉంటుంది.

ట్రేడ్‌మార్క్ ఫైళ్లు కూడా ఇలాగే తెరిచి ఉంటాయి. పాత పత్రాలు వెతకడానికి గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్, మన దేశపు ఇన్‌పాస్ ఉన్నాయి. చట్టాలు, నిబంధనలు, కార్యాలయ మాన్యువల్ ప్రభుత్వ సైట్లలోనే దొరుకుతాయి. తీర్పులకు ఇండియన్ కానూన్ ఉంది. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు.

కోర్సుల సంగతి

ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో నడిపే అకాడమీలో డీఎల్-101 అనే సాధారణ కోర్సు ఉచితం. ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ నుంచి పేటెంట్ చట్టం మీద, పేటెంట్ డ్రాఫ్టింగ్ మీద కోర్సులు వచ్చాయి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం సుమారు వెయ్యి రూపాయలు. ఇగ్నోలో మేధోసంపత్తి హక్కుల పీజీ డిప్లొమా, నల్సార్ దూరవిద్యలో పేటెంట్ చట్టం డిప్లొమా ఉన్నాయి. నాగపూర్‌లోని రాజీవ్ గాంధీ జాతీయ మేధోసంపత్తి నిర్వహణ సంస్థ శిక్షణలు ఇస్తుంది.

ఈ డిప్లొమాలేవీ ప్రాక్టీసు చేసే హక్కు ఇవ్వవు. అవి రెజ్యూమెలో ఒక వరుస, చదువుకు ఒక క్రమశిక్షణ, అంతే. ఈ తేడా చెప్పకుండా వేలకు వేలు తీసుకుని నూరు శాతం ఉద్యోగం అని ప్రకటించే శిక్షణ సంస్థల జోలికి వెళ్లకపోవడం మంచిది. ఫీజు కట్టేముందు అడగాల్సింది ఒక్కటే: అభ్యర్థి రాసిన డ్రాఫ్టును అనుభవమున్న ఏజెంట్ ఎవరైనా వాక్యం వాక్యం దిద్ది ఇస్తారా? ఇస్తామంటే ఆ ఫీజుకు అర్థం ఉంది. వీడియోలు చూపించడమే పనైతే అవి ఉచితంగానే ఉన్నాయి.

మొదటి పని ఎక్కడ దొరుకుతుంది

సైన్స్ డిగ్రీ ఉన్నవారికి త్వరగా జీతం ఇచ్చే చోటు పేటెంట్ సెర్చ్, అనలిటిక్స్ సంస్థలు. హైదరాబాద్, బెంగళూరు, గురుగ్రామ్, నోయిడాల్లో ఉన్నాయి. వీటికి ఏజెంట్ అర్హత అవసరం లేదు, పాత పత్రాలు వెతికి పోల్చగలిగితే చాలు. తర్వాతి మెట్టు ఫార్మా కంపెనీల పేటెంట్ విభాగాలు. అక్కడ ల్యాబ్ అనుభవం ఉన్నవారిని అంతర్గతంగా ఈ విభాగానికి మార్చుకోవడం మామూలే. మరో దారి ప్రభుత్వ కొలువు. 2023లో పేటెంట్, డిజైన్ ఎగ్జామినర్లుగా 553 పోస్టులకు ప్రకటన వచ్చింది. లెవెల్ 10 వేతనం, అంటే మూల వేతనమే రూ.56,100తో మొదలవుతుంది. తక్కువ డబ్బుతో వచ్చేవారికి దీనిని మించిన శిక్షణ మరొకటి లేదు, ఎందుకంటే నేర్చుకునే కాలమంతా జీతం వస్తుంది.

ట్రేడ్‌మార్క్ పని ఊరికి దగ్గరగా ఉంటుంది. గుంటూరులో పచ్చళ్లు, పొడులు అమ్ముతూ పక్కనే ఒక మెస్ నడిపే కుటుంబాన్ని తీసుకుందాం. వారి పేరును కాపాడాలంటే పచ్చళ్లకు 29వ తరగతి, కారప్పొడులకు 30, మెస్‌కు 43లో దరఖాస్తు వేయాలి. వ్యక్తికి, స్టార్టప్‌కు, చిన్న సంస్థకు ఆన్‌లైన్‌లో తరగతికి రూ.4,500 చొప్పున మూడింటికీ రూ.13,500 ప్రభుత్వ రుసుము. ఇంటిపేరో ఊరిపేరో పెట్టుకుంటే 9వ సెక్షన్ అభ్యంతరం, అలాంటి పేరు ఇంకొకరికి ఉంటే 11వ సెక్షన్ అభ్యంతరం వస్తాయి. జవాబుకు నెల రోజులే గడువు. అప్పుడు పనికొచ్చేది పాత బిల్లుబుక్కులు, జీఎస్టీ కాగితాలు, పత్రికలో వేసిన ప్రకటన, పాత డబ్బా మీది లేబుల్. ఎప్పటి నుంచి ఆ పేరు వాడుతున్నారో అఫిడవిట్‌తో రుజువు చేయాలి. దరఖాస్తు పడేసి పోయే ఆన్‌లైన్ ప్యాకేజీలు తక్కువ ధరకు ఎక్కడైనా దొరుకుతాయి. అటక మీది బిల్లుబుక్కు దింపించి, దుమ్ము దులిపి, సాక్ష్యంగా మలిచే ఓపిక ఆ ప్యాకేజీల్లో ఉండదు. స్థానిక ఏజెంట్ విలువ అక్కడ తేలుతుంది.

జీఐ, అంటే ఊరిపేరుతో ప్రసిద్ధమైన వస్తువులకిచ్చే భౌగోళిక గుర్తింపు రంగంలో చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి బొమ్మలు, తిరుపతి లడ్డూ నుంచి 2023లో ఆత్రేయపురం పూతరేకులు, 2025లో వరంగల్ చపాటా మిర్చి దాకా తెలుగు రాష్ట్రాల్లో గుర్తింపులు వరుసగా వచ్చాయి. పేరు నమోదవడంతో పని పూర్తికాదు. ఒక్కో నేతన్న, ఒక్కో రైతు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదైతేనే ఆ పేరు వాడుకునే చట్టబద్ధ హక్కు చేతికొస్తుంది. ఆ నమోదు రుసుమును 2020 సవరణలో రూ.500 నుంచి రూ.10కి తగ్గించారు. రుసుము తగ్గినా కాగితాలు నింపిపెట్టేవారు కావాలి. సొసైటీలతో, చేనేత శాఖతో కలిసి పనిచేయగల లా గ్రాడ్యుయేట్‌కు ఇది పెద్ద సంపాదన కాకపోవచ్చు గానీ, మగ్గాల మీద బతికే వందల కుటుంబాల నమ్మకం ఒకేసారి దొరుకుతుంది. పవర్‌లూమ్ నకిలీల మీద కేసు వేయాల్సి వచ్చినప్పుడు ఆ కుటుంబాలు ముందుగా పిలిచేది వారినే.

స్టార్టప్‌ల కోసం 2016 నుంచి కేంద్రం ఒక పథకం నడుపుతోంది. అందులో ఫెసిలిటేటర్లుగా నమోదైన ఏజెంట్ల వృత్తి ఫీజును ప్రభుత్వమే చెల్లిస్తుంది, స్టార్టప్ ప్రభుత్వ రుసుము మాత్రం కడుతుంది. క్లయింట్లు లేని కొత్త ఏజెంటుకు ఇది ఉపయోగపడుతుంది.

కాలేజీల పేటెంట్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ రుసుము 80 శాతం తగ్గింది. ర్యాంకులు, గుర్తింపు మార్కుల కోసం కొన్ని కాలేజీలు లోతు లేని దరఖాస్తులు గుట్టలుగా వేయడం మొదలుపెట్టాయి. ఆ పని తక్కువ ధరకు త్వరగా దొరుకుతుంది. కానీ ఎగ్జామినర్ పరిశీలనకు పెట్టని, జవాబు ఇవ్వని దరఖాస్తులు రాసి రాసి చేయి పాడవుతుంది. ఆ ఫైళ్లన్నీ రాసినవారి పేరుతో సహా అందరికీ కనిపించే చోటే శాశ్వతంగా ఉంటాయి.

ఎవరికి ఏ వరుస

బీఫార్మసీ, ఎమ్మెస్సీ, బీటెక్ చదివినవారికి ముందు ఉద్యోగం, దాని పక్కన ఏజెంట్ పరీక్ష, ఆ తర్వాత అవసరమనిపిస్తే ఎల్‌ఎల్‌బీ అన్న వరుస సురక్షితం. సంపాదన మొదలైన తర్వాత చదివే ఎల్‌ఎల్‌బీ భారం కాదు. కోర్టు పని మీదే మనసున్నవారు 49వ నిబంధన వల్ల ఏదో ఒక దశలో జీతం వదులుకోవాలి. ఆ రోజు కోసం ఏడాది ఖర్చులకు సరిపడా దాచుకోవడం, ఏజెంట్ అర్హత ముందే సంపాదించి పెట్టుకోవడం మంచి ఏర్పాటు.

బీఏ, బీకాం వారికి పేటెంట్ ద్వారం మూసి ఉన్నా ట్రేడ్‌మార్క్, కాపీరైట్, జీఐ మూడూ తెరిచే ఉన్నాయి. వీరికి ఎల్‌ఎల్‌బీ ముందుగా చేయడమే మేలు. ఎన్‌రోల్ అయితే ట్రేడ్‌మార్క్ ఏజెంట్ పరీక్ష అవసరమే ఉండదు కాబట్టి, ఎప్పుడొస్తుందో తెలియని పరీక్ష కోసం ఆగనక్కర్లేదు. జిల్లా కోర్టులో మామూలు సివిల్, క్రిమినల్ పని చేసే సీనియర్ దగ్గరే చేరి, ఆ ఆఫీసుకు వచ్చే వ్యాపారుల ట్రేడ్‌మార్క్ పని తాను చూస్తానని అడగవచ్చు. చాలా ఆఫీసుల్లో ఆ పని చేసేవారు లేక బయటకు పంపేస్తుంటారు.

ట్రేడ్‌మార్క్ చట్టం 134వ సెక్షన్ కూడా జిల్లా న్యాయవాదికి అనుకూలమే. నమోదైన ట్రేడ్‌మార్క్ యజమాని తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటే ఉల్లంఘన దావా వేయవచ్చు. దావా జిల్లా కోర్టు స్థాయికి తగ్గకూడదు. 2018 సవరణతో వాణిజ్య కోర్టుల కనీస వివాద విలువ కోటి రూపాయల నుంచి రూ.3 లక్షలకు దిగింది. దాంతో ఒకప్పుడు మహానగరాలకే పరిమితమైన వివాదాలు విజయవాడ, విశాఖపట్నం దాకా వచ్చాయి.

ముందున్న మార్పులు

ఫైలింగ్ మొత్తం ఆన్‌లైన్ అయింది. హియరింగులు ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి. కర్నూలు నుంచో కరీంనగర్ నుంచో చెన్నై కంట్రోలర్ ముందు వాదించవచ్చు. నగరంలో ఆఫీసు అద్దె అన్న ఖర్చు దీనితో చాలావరకు తగ్గింది. 2024 మార్చి సవరణలో పేటెంట్ దరఖాస్తును పరిశీలించమని అభ్యర్థన పెట్టే గడువును 48 నెలల నుంచి 31 నెలలకు కుదించారు. ఫైళ్లు త్వరగా కదులుతాయి, జవాబులు రాసేవారి అవసరం ముందుకు జరుగుతుంది.

రెండో మార్పు కృత్రిమ మేధ. పాత పత్రాలు వెతకడం, మొదటి చిత్తుప్రతి రాయడం యంత్రాలు త్వరగా చేస్తున్నాయి. కొత్తవారికి ఇన్నాళ్లూ మొదటి జీతం ఇచ్చింది సెర్చ్ పనే కాబట్టి దెబ్బ ముందుగా తగిలేది అక్కడే. సెర్చ్ ఉద్యోగంలో చేరినవారు రెండు మూడేళ్లలో క్లెయిములు రాయడం, రిపోర్టులకు జవాబులివ్వడం వైపు జరగడం ఇప్పుడు మునుపటి కన్నా అవసరం. ఈ సాధనాలు వాడేటప్పుడు ఒక హద్దు పాటించాలి. ఇంకా దరఖాస్తు వేయని క్లయింట్ ఆవిష్కరణను ఎవరి చేతికి పోతుందో తెలియని ఉచిత సాధనంలో పెడితే గోప్యత పోతుంది, దానితో కొత్తదనం మీదే ప్రశ్న రావచ్చు. జవాబు మీద సంతకం ఏజెంటుది, న్యాయవాదిది. అందులో తప్పు దొర్లితే కంట్రోలర్ ముందు, క్లయింట్ ముందు సమాధానం చెప్పుకోవాల్సిందీ ఆ సంతకం పెట్టినవారే.